‘క్వయీటస్’ ఎక్కడి మాట? ఖజానా లెక్కల నుంచి హామ్లెట్ దాకా

మీ ప్రశ్న ఇది కదా: షేక్స్‌పియర్ నాటకం ‘హామ్లెట్’లో, హామ్లెట్ స్వగతంలో ‘క్వయీటస్’ అనే మాట తగిలింది. నిఘంటువు చూస్తే ‘మరణం, ముగింపు, అంతిమ విముక్తి’ అని ఉంది. చూడ్డానికి ‘క్వయట్’లా ఉంది. మనిషి పోతే మాటా పలుకూ ఉండదు కాబట్టి చావుకి ఆ పేరు పెట్టారా? తెలుగులో ఏమనాలి?

క్వయట్‌తో చుట్టరికం ఉన్నమాట నిజమే. కానీ నిశ్శబ్దం అనే దారి పట్టుకుని వెళ్తే ఈ మాట మనకి దొరకదు. ఇది ఖజానాలో పుట్టింది. నేను ఉద్యోగమంతా ట్రెజరీలో చేశాను, మధ్యలో ప్రైవేటుగా ఇంగ్లీషు ఎమ్మే కట్టాను. ఆ రెండూ ఒకచోట కలిసే మాట ఇదొక్కటే కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు పలకడం సంగతి. క్వయట్‌లో ఒత్తు మొదట్లో పడుతుంది, దీనిలో రెండో అక్షరం మీద పడుతుంది: క్వై-ఈ-టస్. తొందరగా అంటే క్వయీటస్. క్లాసులో ‘క్వైటస్’ అని చదివేవాళ్ళే ఎక్కువ. అలా చదివితే ఆ పాదం నడక చెడుతుంది.

లాటిన్‌లో ‘క్వియేస్’ అంటే విశ్రాంతి. దాన్నుంచి వచ్చిన ‘క్వియేటస్’ అంటే విశ్రాంతిగా ఉన్నవాడు, ఏ అలజడీ లేనివాడు. రోమన్ల కాలంలో ఇంతే. తర్వాత మధ్యయుగాల్లో లాటిన్ గుమాస్తాల చేతిలో పడింది. వాళ్ళు దాన్ని తమ పనికి తగ్గట్టు వాడుకున్నారు. ఎవడి గుమ్మం తొక్కి ‘మా బాకీ ఏమైంది?’ అని అడిగే హక్కు ఎవరికీ లేదో, వాడు క్వియేటస్. ‘క్వియేటస్ ఎస్ట్’ అని రాస్తే ‘ఇతని మీద ఇంకేమీ బాకీ లేదు’ అని అర్థం. ప్రశాంతంగా ఉన్నాడంటే అప్పులవాళ్ళు రావడం మానేశారని. అప్పున్న ఇంట్లో ఉన్నవాళ్ళకి ఈ అర్థం ఎలా వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు పన్నెండో శతాబ్దపు ఇంగ్లండుకి వెళదాం. రాజుగారి రాబడి లెక్కలు తేల్చే చోటిని ‘ఎక్స్‌చెకర్’ అనేవారు. నిజానికి అది ఒక బల్ల పేరు. సుమారు పదడుగుల పొడుగు, అయిదడుగుల వెడల్పు, చుట్టూ నాలుగు వేళ్ళ ఎత్తున అంచు, పైన గళ్ళు గీసిన నల్లగుడ్డ. చదరంగం బల్లలా ఉందని లాటిన్‌లో ‘స్కకారియుం’ అన్నారు. ఈ కొలతలన్నీ మనకి చెప్పినవాడు రెండో హెన్రీ రాజు కోశాధికారి రిచర్డ్ ఫిట్జ్‌నీల్. 1170ల చివర్లో గురుశిష్య సంవాదంగా ఆ కార్యాలయం పనితీరు మీద ఒక పుస్తకమే రాశాడు. ప్రభుత్వ లెక్కల మీద వచ్చిన పుస్తకాల్లో ఇంత ఇష్టంగా చదివించేది ఇంకోటి నేను చూడలేదు. మన ట్రెజరీ కోడ్ చదివినవాళ్ళకి నేనెందుకిలా అంటున్నానో తెలుస్తుంది.

పక్కమాట ఒకటి. ‘ఎక్స్‌చెకర్’, చదరంగంలో ‘చెక్’, బ్యాంకులో ఇచ్చే చెక్కు, ఇవన్నీ పాత ఫ్రెంచి మీదుగా పారశీకపు ‘షా’ దగ్గరికే పోతాయి. షా అంటే రాజు. ‘షా మాత్’, అంటే రాజుకి ఇక దారి లేదు, ఇంగ్లీషులో ‘చెక్‌మేట్’ అయింది. ముగింపు చెప్పే మాటల్లో అదీ ఒకటి, అదీ ఈ బల్లకి బంధువే.

ఏడాదికి రెండుసార్లు, ఈస్టర్‌కి ఒకసారి, సెప్టెంబరు చివర మైకేల్‌మస్ పండక్కి ఒకసారి, జిల్లాల షెరిఫ్‌లు ఆ బల్ల ముందుకి రావాలి. ఈస్టర్‌కి కొంత కట్టిపోతే, పూర్తి లెక్క మైకేల్‌మస్‌కి. షెరిఫ్ అంటే సినిమాల్లో గుర్రమెక్కి తుపాకీ పేల్చేవాడు కాదు. కలెక్టరు, తహసీల్దారు, ఎస్పీ ముగ్గురినీ ఒక్కడిలో కుక్కితే వచ్చే మనిషి. జిల్లా తరఫున ఏటా రాజుకి ఇంత అని కట్టాలి. కట్టాల్సినది బల్ల మీద బిళ్ళలతో పేరుస్తారు. పెన్నీలకో వరస, షిల్లింగులకో వరస, పౌన్లకో వరస. దాని కింద షెరిఫ్ కట్టినది, రాజాజ్ఞ మీద ఖర్చు పెట్టినది పేరుస్తారు. పైదాంట్లోంచి కిందిది తీసేస్తూ పోతారు. రోమన్ అంకెలతో కాగితం మీద తీసివేత చెయ్యడం ఎంత కష్టమో ఒకసారి ప్రయత్నించండి, ఆ గళ్ళగుడ్డ అవసరం తెలుస్తుంది. పైగా చదువు రాని షెరిఫ్‌కి కూడా తన లెక్క కళ్ళెదుటే కనబడేది.

డబ్బు కట్టినందుకు రసీదు కాగితం మీద ఇచ్చేవారు కాదు. హేజెల్ చెట్టు కొమ్మని చెక్కి, గాట్లు పెట్టి, నిలువుగా రెండుగా చీల్చి, ఒక బద్ద కట్టినవాడికి, ఒకటి ఖజానాకి. వెయ్యి పౌన్లయితే అరచెయ్యంత మందం గాటు, వంద అయితే బొటనవేలంత, ఇరవై అయితే చిటికెన వేలంత, ఒక పౌను అయితే బార్లీ గింజంత. ఏడాది చివర రెండు బద్దలూ పక్కపక్కన పెడితే గాట్లు కలవాలి. దొంగ రసీదు పుట్టించడం కుదరదు. ఈ కర్ర రసీదులు 1826 దాకా బతికాయి! వాటి పాత గుట్టల్ని 1834 అక్టోబరు 16న పార్లమెంటు భవనం పొయ్యిల్లో వేసి తగలబెడుతుంటే మంట అదుపు తప్పి భవనమే కాలిపోయింది. ఇది కట్టుకథ కాదు, చరిత్ర. పాత రికార్డు పారేసేముందు ఆలోచించాలని చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

ఇక మన మాట. బల్ల మీద లెక్క తేలాక గుమాస్తా గొర్రెతోలు మీద ఆ షెరిఫ్ పద్దు రాసి, చివర రెండు ముక్కల్లో ఏదో ఒకటి రాస్తాడు. బాకీ మిగిలితే ‘ఎట్ దెబెట్’, అంటే ‘ఇంకా ఇవ్వాలి’, అని ఎంతో వేస్తాడు. ఏమీ మిగలకపోతే ‘ఎట్ క్వియేటస్ ఎస్ట్’. ఆ తోళ్ళని గొట్టాల్లా చుట్టి పెట్టేవారు కాబట్టి వాటిని పైప్ రోల్స్ అంటారు. ఇప్పుడు దొరుకుతున్నవాటిలో అన్నిటికంటే పాతది 1129-30 నాటిది. 1155 ప్రాంతం నుంచి 1832 దాకా దాదాపు తెగకుండా ఉన్నాయి. దాదాపు ఏడువందల ఏళ్ళ వరుసలో వేల చోట్ల ఈ మాట కనిపిస్తుంది. ఎక్కడా చావు ఊసు లేదు.

అంటే మొదట్లో క్వయీటస్ అంటే ఈనాటి మన ‘నో డ్యూస్ సర్టిఫికెట్’. రిటైరయ్యే ఉద్యోగి పింఛను కాగితాల కోసం ఎన్ని సెక్షన్లలో దానికోసం తిరుగుతాడో, లైబ్రరీ పుస్తకం ఒకటి తిరిగివ్వలేదని ఎన్నాళ్ళు ఆగిపోతుందో అనుభవం ఉన్నవాళ్ళకి, ఆ షెరిఫ్ ‘క్వియేటస్ ఎస్ట్’ విని ఊపిరి పీల్చుకోవడం కళ్ళకి కట్టినట్టు కనబడుతుంది. బాకీ తేలనివాణ్ణి మార్షల్ కస్టడీలో పెట్టే అధికారం కూడా ఆ కార్యాలయానికి ఉండేది.

ఇక్కడొక విషయం గట్టిగా పట్టుకోండి, హామ్లెట్ దగ్గర పనికొస్తుంది. ఎక్స్‌చెకర్ దృష్టిలో చావు క్వయీటస్ కాదు. మనిషి పోయినా బాకీ పోదు. 1215లో ఇంగ్లండు రాజు తన ప్రభువులకి రాసిచ్చిన హక్కుల పత్రం మాగ్నా కార్టా. దాని 26వ షరతు దీని గురించే: రాజుకి బాకీపడినవాడు చనిపోతే, ఆ బాకీ మేరకు అతని చరాస్తిని జప్తు చెయ్యవచ్చు, మిగిలితేనే వీలునామా అమలు చేసేవాళ్ళకి. వారసుల పేర్ల మీద పాత బాకీలు రోల్ నుంచి రోల్‌కి ఏళ్ళ తరబడి మోసుకుపోయేవారు. ఆ బరువు ఎంత పెరిగిందంటే, 1284లో మొదటి ఎడ్వర్డ్ రాజు వసూలయ్యే ఆశ లేని బాకీలని అసలు రోల్‌లోంచి తీసేసి వేరే రోల్‌లో రాయమని శాసనం చెయ్యాల్సొచ్చింది. మాఫీ చెయ్యలేదు, గమనించండి. వేరే పుస్తకంలోకి మార్చాడు. ఏ ప్రభుత్వమైనా ఖజానాల తీరు ఇంతే.

ఇప్పుడు హామ్లెట్. ఆ స్వగతం 1600 ప్రాంతంలో రాసినది. మీరు చదివిన పాదాల భావం ఇది: కాలం కొట్టే దెబ్బలు, అణచివేసేవాడి అన్యాయం, గర్విష్ఠి చేసే అవమానం, చట్టం చేసే జాప్యం, అధికారంలో ఉన్నవాళ్ళ పొగరు, ఇవన్నీ ఎవడు భరిస్తాడు, ఒక్క బాడ్‌కిన్‌తో తన క్వయీటస్ తానే చేసుకోగలిగినప్పుడు?

‘బాడ్‌కిన్’ అంటే చిన్న బాకు అని పాఠ్యపుస్తకాల కింద రాస్తారు, సరే. కానీ అదే మాటకి దబ్బనం, కుట్టుపనిలో బొక్కలు పెట్టే సూది అని కూడా అర్థం. ఆయుధం అంత అల్పమైనదని చెప్పడం అక్కడి ఉద్దేశం. అంతకు ముందున్న జాబితా చూడండి: చట్టం, జాప్యం, అధికారి పొగరు. ఆఫీసుల చుట్టూ తిరిగి విసిగినవాడి జాబితా అది. ఆ వరసలో క్వయీటస్ రావడం కాకతాళీయం కాదు. అప్పటికి లండన్‌లో ఆ మాట వినగానే లెక్కలు, రసీదులు గుర్తొచ్చేవి. 1603లో మొదట అచ్చైన పాఠంలో ఆ పాదం వేరుగా ఉంటుంది, అందులో ‘ఫుల్ క్వయీటస్’ అని ఉంది. పూర్తి బాకీ తీరినట్టు రసీదు అన్నమాట. ఆ పాఠం చాలాచోట్ల చెడిపోయినదని పండితులు తీసిపారేస్తారు. కానీ ‘ఫుల్’ అన్న ఆ ఒక్క మాట, ఆనాటి వాళ్ళు దాన్ని ఎలా విన్నారో చెప్పకనే చెబుతోందని నేననుకుంటాను.

నా ఉద్దేశంలో ఆ పాదంలోని పదునంతా ‘తానే’ అన్న దగ్గర ఉంది. క్వయీటస్ ఎవడికి వాడు రాసుకునేది కాదు. బాకీ ఉన్నవాడు ‘నాకేం బాకీ లేదు’ అని రాసుకుంటే అది రసీదు అవుతుందా? బల్లకి అవతల కూర్చున్నవాడు రాయాలి. హామ్లెట్ ఆ కలం లాక్కుని తన పద్దు తనే మూసెయ్యవచ్చు కదా అంటున్నాడు. వెంటనే తనే వెనక్కి తగ్గుతాడు: చావు తర్వాత ఏముందో తెలీదే, ఎవరూ తిరిగిరాని ఆ దేశం సంగతేమిటి అని. లెక్కల భాషలో చెప్పాలంటే, అక్కడ ఆడిట్ ఉంటే? తను రాసుకున్న రసీదు అక్కడ చెల్లకపోతే? ఈ భయం ‘మరణం’ అని అర్థం చెప్పుకుని చదివితే సగమే కనిపిస్తుంది. ‘నో డ్యూస్’ అని చదివితే మొత్తం కనిపిస్తుంది.

ఇది నేను లాగి చెబుతున్నానని అనుమానం వస్తే 1609లో అచ్చైన షేక్స్‌పియర్ సానెట్లలో 126వది చూడండి. అందమైన ఒక యువకుణ్ణి కాలానికి అప్పజెప్పకుండా ప్రకృతి తన దగ్గర అట్టిపెట్టుకుంది. ఎంతకాలమని? ఆమె ఆడిట్ ఆలస్యమైనా జవాబు చెప్పక తప్పదు, నిన్ను అప్పగించడమే ఆమె క్వయీటస్, అని ముగుస్తుంది. ఆడిట్, క్వయీటస్ పక్కపక్క పాదాల్లో. ఇంక వేరే సాక్ష్యం ఎందుకు? ఇంకో తమాషా, సానెట్‌కి పద్నాలుగు పాదాలుండాలి, దీనికి పన్నెండే ఉన్నాయి. చివరి రెండు పాదాల చోట అచ్చులో ఖాళీ బ్రాకెట్లు పెట్టారు. ముద్రాపకుడు పెట్టాడా, కవే పెట్టాడా అని ఇప్పటికీ వాదిస్తారు. పద్దు చివర ఖాళీ వదిలినట్టుందని అన్నవాళ్ళూ ఉన్నారు. నాకది మరీ సాగదీసినట్టనిపిస్తుంది.

కవిగారికి ఈ మాటలు ఎక్కడివి అని అడక్కండి. తండ్రి జాన్ షేక్స్‌పియర్ 1560ల మొదట్లో స్ట్రాట్‌ఫర్డ్ పురపాలక సంఘం లెక్కలు చూసినవాడు. 1570లో ఎక్కువ వడ్డీకి అప్పిచ్చాడని ఇదే ఎక్స్‌చెకర్‌లో కేసు ఎదుర్కొన్నవాడు. ఆ ఇంట్లో ఈ మాటలు కొత్త కాదు.

హామ్లెట్ తర్వాత పెద్దలు లెక్క మర్చిపోయి చావునే పట్టుకున్నారు. ఆ తర్వాత కాలంలో మీరనుకున్న పొరపాటే జనమూ చేశారు: క్వయట్‌లా వినిపిస్తుంది కాబట్టి ‘నోరు మూయించేది’ అన్న అర్థం కూడా దానికి అంటింది. పుకారుకి క్వయీటస్, ప్రత్యర్థి వాదానికి క్వయీటస్ అని ఈనాడు పత్రికల్లో కనిపించేది ఈ మూడో అర్థం. కాబట్టి మీ ఊహ పుట్టుక విషయంలో తప్పైనా, వాడుక విషయంలో మీతోపాటు చాలామంది ఇంగ్లీషువాళ్ళున్నారు.

చుట్టాల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే వాళ్ళు మీకు రోజూ కనబడుతూనే ఉంటారు. లాటిన్ మాట ఫ్రెంచిలోకి వెళ్ళి నలిగి ఇంగ్లీషులో ‘క్విట్’ అయింది. మొదట ‘బాకీనుంచి విడిపించు’, తర్వాత ‘విడిచిపెట్టు’, ఆ తర్వాత ‘విడిచి వెళ్ళు’. 1942 ఆగస్టులో మనవాళ్ళు ఇంగ్లీషువాడికి చెప్పిన క్విట్ ఇండియాలోని క్విట్ ఇదే. ‘అక్విట్’, నిర్దోషిగా వదలడం, ఇదే. ‘క్వైట్’, అంటే పూర్తిగా, ఇదీ అదే: ఏమీ మిగల్లేదు కాబట్టి పూర్తిగా. సిగ్గరి అన్న అర్థంలో ‘కాయ్’ కూడా ఈ కుటుంబానిదే అంటే నమ్మలేరు కానీ నిజం. పోయినవాళ్ళ కోసం చర్చిలో చేసే ప్రార్థన ‘రెక్వియెమ్’ ఈ వంశమే. ఫేస్‌బుక్‌లో ఎవరు పోయినా కింద మనవాళ్ళు పెట్టే ఆర్‌ఐపీ, అదీ లాటిన్‌లో ‘రెక్వియెస్కాట్ ఇన్ పాకే’, అంటే శాంతితో విశ్రమించుగాక అని. క్వియేస్ అక్కడా కూర్చుని ఉంది.

భూమి కాగితాల్లో అయితే మరీను. మద్రాసు ప్రెసిడెన్సీలో 1858లో ఇనాం కమిషన్ వేశారు. ఇనాందారు ఏటా కొంత కడితే ఆ భూమి మీద సర్కారు వేరే పేచీ పెట్టదని పట్టా ఇచ్చేవారు. ఆ కట్టేదానికి ఇంగ్లీషు పేరు ‘క్విట్ రెంట్’, మన గ్రామాల్లో జోడి అనీ కట్టుబడి అనీ అన్నారు. కోస్తా జిల్లాల పాత ఇనాం కాగితాలు ఇంట్లో ఉంటే తీసి చూడండి, కనిపిస్తుంది. అమెరికాలో ఇల్లు కొని భార్య పేరు చేర్చడానికో, విడాకుల తర్వాత ఒకరి పేరు తీసెయ్యడానికో మనవాళ్ళు సంతకం పెట్టే ‘క్విట్‌క్లెయిమ్ డీడ్’ కూడా ఇదే: నాకు ఏమైనా హక్కుంటే వదిలేశాను, ఇక అడగను అని. అమ్మకం, లీజు దస్తావేజుల్లో వచ్చే ‘క్వయట్ ఎంజాయ్‌మెంట్’ని ‘నిశ్శబ్దంగా ఆనందించడం’ అని అనువదించిన ఘనులున్నారు. అక్కడ క్వయట్ అంటే మూడోవాడు వచ్చి అడ్డుపడకపోవడం. మన పాత దస్తావేజు రాతగాళ్ళు ‘పుత్ర పౌత్ర పారంపర్యంగా సుఖాన అనుభవించవలెను’ అని రాసేవారే, ఆ ‘సుఖాన’ దీనికి సరిగ్గా సరిపోతుంది.

క్వయీటస్ ఒక్కటే ఇలా వచ్చిందనుకోకండి. ముగింపు చెప్పే ఇంగ్లీషు మాటల్లో బాకీల నుంచి, బాధ్యతల నుంచి వచ్చినవి ఇంకా ఉన్నాయి. లాటిన్ ‘ఫీనిస్’ అంటే అంతం. దాన్నుంచే జరిమానా అర్థంలో ‘ఫైన్’ వచ్చింది, తగాదాకి అంతం పలకడానికి కట్టే డబ్బు కాబట్టి. ‘ఫైనాన్స్’ కూడా మొదట్లో బాకీ ముగించడమే, డబ్బు వ్యవహారాలన్న అర్థం తర్వాతది. ఇంగ్లండులో భూమి తగాదా తేలాక కోర్టులో ఇచ్చే ఒప్పందాన్ని ‘అంతిమ ఒప్పందం’ అనే మాటతో మొదలుపెట్టేవారు, వాడుకలో దాన్నీ ఫైన్ అనేవారు. 1195 నుంచి ఒకే తోలు మీద అదే పాఠం మూడుసార్లు రాసి, వంకర గీతల వెంట కోసి, రెండు ముక్కలు ఇరుపక్షాలకీ ఇచ్చి, అడుగున ఉన్న మూడోది ఖజానాలో దాచేవారు. ‘డిఫంక్ట్’ అంటే చచ్చినది అని ఇప్పుడు అర్థం, లాటిన్‌లో చూస్తే తన విధి నెరవేర్చి తీరినవాడు. తీర్పు చెప్పేశాక జడ్జి మళ్ళీ ఆ కేసు తాకకూడదని మన కోర్టుల్లో ‘ఫంక్టస్ అఫీషియో’ అంటారు, అందులోనూ అదే ధాతువు. ‘మార్ట్‌గేజ్’లో ‘మార్ట్’ అంటే చచ్చిన అని, దాని మీద ఓ పెద్ద కథ ఉంది, ఇంకోసారి. అన్నీ ఇలాంటివే అని మాత్రం అనను. ‘డెడ్‌లైన్’ 1864లో అమెరికా అంతర్యుద్ధ ఖైదీల శిబిరాల్లో, దాటితే కాల్చేసే గీత. దానికి ఖజానాతో సంబంధం లేదు.

మీ చివరి ప్రశ్న, తెలుగులో ఏమనాలి. ఇక్కడ మన భాష మనకి వాటంగా ఉంది. ‘చెల్లు’ అన్న క్రియ చూడండి. నోటు చెల్లుతుంది, బాకీ చెల్లుతుంది, కాలం చెల్లుతుంది. ప్రామిసరీ నోటు వెనక కొంత కట్టినట్టు రాయించి సంతకం పెడితే ‘చెల్లు వేశాడు’ అంటారు, దానితో గడువు మళ్ళీ మొదలవుతుంది. పూర్తిగా కడితే చెల్లుచీటీ. ఇద్దరి బాకీలూ సరిపోతే చెల్లుకు చెల్లు, ఇంగ్లీషువాడు ‘క్విట్స్’ అనే చోట. వాడాల్సిన గడువు దాటిన మందు కాలం చెల్లిన మందు. మనిషి పోతే భూమ్మీద నూకలు చెల్లాయి, లారీ కింద పడబోయి తప్పించుకుంటే ఇంకా నూకలున్నాయి. రసీదు నుంచి చావు దాకా క్వయీటస్ నడిచిన దారంతా ఈ ఒక్క మాటా నడిచింది, ఎవరి దగ్గరా అప్పు తెచ్చుకోకుండా. మూలం మాత్రం వేరు: అక్కడ విశ్రాంతి, ఇక్కడ వెళ్ళడం. తమిళంలో ‘సెల్’ అంటే వెళ్ళు, ‘సెలవు’ అంటే ఖర్చు.

కాబట్టి సందర్భాన్ని బట్టి తేల్చుకోండి. పైప్ రోల్, కోర్టు కాగితం, వీలునామా వ్యవహారం అయితే ‘చెల్లుచీటీ’ లేదా ‘బాకీ లేదన్న పత్రం’. పుకారుకి, ఉద్యమానికి, ప్రతిపాదనకి క్వయీటస్ ఇచ్చారని పత్రికలో వస్తే ‘తెర దించారు’, ‘ముగింపు పలికారు’ చాలు, లెక్కలు తేనక్కర్లేదు. హామ్లెట్ పాదానికి నేనైతే ఇలా అంటాను: ‘ఒక్క దబ్బనపు పోటుతో తన చెల్లుచీటీ తానే రాసుకోగల వీలుండగా’. ‘ప్రాణం తీసుకోగల’ అని రాస్తే అర్థం వస్తుంది గానీ, ఆ ‘తానే రాసుకోవడం’లోని వెటకారం పోతుంది. పరీక్షలో సందర్భసహిత వ్యాఖ్య రాయాల్సొస్తే మాత్రం ‘మరణం, బాకీల నుంచి విముక్తి’ రెండూ రాయండి, దిద్దేవాళ్ళు మొదటిదే వెతుకుతారు.

ఇంకొకటి. ఈ మాట నచ్చింది కదా అని ఎవరైనా పోయినప్పుడు ఇంగ్లీషులో సంతాపం రాస్తూ వాడకండి. ఇప్పటి ఇంగ్లీషులో దానికి కాస్త పుస్తకాల వాసన, కాస్త వ్యంగ్యం ఉన్నాయి. చదివిన ఇంటివాళ్ళు నొచ్చుకుంటారు.